ఊదా దారం సంచి

ఫైలు పదకొండు పేజీలు. నాగేందర్ ఏడో పేజీ దగ్గర ఆగాడు.

పది నలభై రెండుకు గడ్డ గర్భసంచి నుంచి విడిపోయింది. పది నలభై ఆరుకు దాన్ని ముక్కలు చేసే యంత్రం తిరగడం మొదలైంది. మధ్యలో నాలుగు నిమిషాలు.

ఆ రెండు అంకెల మధ్య అతను వేలు పెట్టి ఉంచాడు.

అతనిది మెట్‌పల్లి దగ్గర పల్లె. రియాద్ వచ్చి పంతొమ్మిదేళ్ళు. తొలి పదేళ్ళు ఆపరేషన్ థియేటర్లలో టెక్నీషియన్‌గా కత్తులు అందించాడు, గొట్టాలు కడిగాడు. ఆ తర్వాత ఒక ఇన్సూరెన్స్ కంపెనీ అతన్ని తీసుకుంది. ఆసుపత్రులు పంపే ఫైళ్ళలో నిజమెంతో చూసి రావడం ఇప్పుడు అతని పని.

ఈసారి తేల్చాల్సింది ఒకటే మాట. పన్నెండు రోజుల కింద, ఈ ఆసుపత్రిలో, మాబున్నీ అనే రాయచోటి మనిషికి చిన్న కోతల ఆపరేషన్‌తో గర్భసంచి గడ్డ తీశారు. నలభై మూడేళ్ళు ఆమెకు. బొడ్డు దగ్గర పెట్టేది వేలెడు రంధ్రం. పెద్ద గడ్డ అందులోంచి రావాలంటే దాన్ని కడుపులోనే ముక్కలు చెయ్యాలి. పలుకులు చెదిరి పడకుండా గడ్డను ముందు ఒక పలుచటి సంచిలో పెట్టి, ఆ సంచి లోపలే పని ముగించాలి. నిన్న ల్యాబు రిపోర్టు వచ్చింది. మామూలుదనుకున్న గడ్డలో క్యాన్సర్ దాగి ఉంది. అలా ఉండేది వందల్లో ఒకరికి. ముందుగా కచ్చితంగా చెప్పగల పరీక్ష లేదు. సంచి పుట్టింది అందుకే.

సంచి వాడి ఉంటే క్యాన్సర్ డాక్టర్లు స్కానులు తీసి మూడు నెలలు చూస్తారు. వాడకపోతే ఆగడానికి లేదు. వెంటనే కడుపు తెరిచి వెతకాలి. పెద్దాసుపత్రిలో డాక్టర్ల సమావేశం సాయంత్రం నాలుగింటికి. వాడామనే ఫైలు అంటోంది. ఆ మాటే నిలిస్తే, నిన్ననే అక్కడ చేర్చిన మాబున్నీని నాలుగున్నరకు ఇంటికి పంపుతారు.

గడియారం పదకొండు చూపిస్తోంది.

వరండాలో ఆమె భర్త చాంద్ బాషా నిలబడి ఉన్నాడు. స్కూలు బస్సు డ్రైవరు. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. గంటన్నర పడుతుందన్న ఆపరేషన్ యాభై నిమిషాల్లో అయిపోయిందని, డాక్టరు చెయ్యి తట్టి వెళ్ళాడని, ఆ రోజు తనకు అది సంతోషంగానే అనిపించిందని అతను చెప్పాడు.

"ఆమెకు చెప్పినవా?" అని నాగేందర్ అడిగాడు.

"లేదన్నా. రగతం తక్కువుందంట, దానికే టెస్టులంట అని చెప్పినా." బాషా నేల చూశాడు. "ఈపొద్దు తలకు నూనె పెట్టుకోని ఉండాది. ఇంటికి పంపుతారని."

నాగేందర్ ఫైలు మూసి లేచాడు.

*

ఆ రోజు కత్తులు అందించిన నర్సు సబీనా. నంద్యాల. తలుపు తెరిచే ఉంచి, వరండాలో పోయేవాళ్ళకు కనపడేలా కుర్చీ అంచున కూర్చుంది. డాక్టరు ఎక్కడున్నాడని అడిగితే సెలవు మీద వాళ్ళ దేశం పోయాడంది. ఎప్పుడని అడిగితే నిన్న రాత్రి అంది. ల్యాబు రిపోర్టు వచ్చింది నిన్న మధ్యాహ్నం.

ఫైల్లో సంచి తాలూకు స్టిక్కర్ అంటించి ఉంది. చివరి అంకెలు 4417. దాని కింద రెండు వరసలు: సంచి లోపల ముక్కలు చేయబడినది; నీలం నీళ్ళ పరీక్షలో సంచి కారలేదు. వాటి కింద సబీనా సంతకం. వాడిన సంచిని బయటికి తీశాక నీలం మందు కలిపిన నీళ్ళు నింపి, ఎక్కడైనా కారుతోందా అని చూడాలి. ఆ ఆసుపత్రి నియమం అది.

నీళ్ళు ఎందులో పోశారని అతను అడిగాడు. థియేటర్ పక్కన చేతులు కడిగే గదిలో తెల్ల తొట్టిలో అంది. ఎవరు పోశారన్నాడు. తనే అంది. నీలం మందు ఎన్ని చుక్కలు కలిపావన్నాడు.

సబీనా చేతులు ఒడిలోకి లాక్కుంది. ఆమె జవాబు వెతుక్కుంటుంటే అతను నీలం మరక కోసం ఆమె గోళ్ళు చూస్తున్నాడు.

"ఫైల్లో ఉండేదే సార్," అంది చివరికి.

"ఫైలు నేను సదివిన. నువ్వు జెప్పు."

ఆమె తలుపు వైపు ఒకసారి చూసింది. గొంతు దించింది. "నేను చెప్పినట్టు రాయొద్దండి. నాకు ఇద్దరు బిడ్డలు. రోజుకు ఆరు కేసులు సార్. సంచి లోపలికి పెట్టి, మూతి పైకి లాగి, గాలి నింపేదానికి ఇరవై నిమిషాలు. లెక్క మీరే ఏసుకోండి."

ఆ తర్వాత ఎన్ని అడిగినా ఆమె నోట ఫైల్లో ఉన్న మాటలే వచ్చాయి.

*

థియేటర్ దగ్గర కాషిఫ్ ఎదురుచూస్తున్నాడు. ఆసుపత్రి క్వాలిటీ మేనేజరు. హైదరాబాద్, టోలిచౌకి. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, చేతిలో ట్యాబు. ఇద్దరికీ ఇది నాలుగో ఫైలు. మూడింట్లో రెండు కాషిఫ్ గెలిచాడు.

"స్టిక్కర్ ఉంది, సిగ్నేచర్ ఉంది, లీక్ టెస్ట్ ఉంది. ఇంకేం కావాలి నాగేందర్ భాయ్? కెమెరా పెట్టి సినిమా తీయాలా?"

"తొట్టి సూడాలె."

"చూడండి. మీకు కడగడం అలవాటే కదా, పాత నౌకరీ."

నాగేందర్ నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. గదిలోకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తెల్ల పింగాణీ తొట్టి. నీళ్ళు పోయే జాలీ చుట్టూ సన్నటి పగుళ్ళు. చిన్నప్పుడు వాళ్ళమ్మ ధోవతులకు నీలిమందు పెట్టేది. ఆ బకెట్ అంచున పడ్డ గీత ఆ బకెట్ పగిలేదాకా పోలేదు. తెల్లటి వస్తువు పగుళ్ళలోకి నీలం దిగిందంటే అది అక్కడే ఉండిపోతుంది. జేబులోంచి చిన్న లైటు తీసి పగుళ్ళ వెంట నడిపాడు. పాత రక్తం గోధుమ రంగు ఉంది. అయోడిన్ పసుపు రంగు ఉంది. నీలం లేదు.

లేచి మందుల అల్మారా తెరిపించాడు. నీలం మందు డబ్బా ఒక్కటే ఉంది. పైన అంటించిన టేపు ఊడలేదు. గడువు తేదీ దాటి తొమ్మిది నెలలు. ఇంకో డబ్బా స్టోరు నుంచి వచ్చిందా అని అతను పొద్దున్నే అడిగి పెట్టుకున్నాడు. ఈ ఏడాదిలో రాలేదు.

ఆ మాట చెబితే కాషిఫ్ తల ఒక పక్కకు వంచాడు.

"సరే. టెస్ట్ చేయలేదు, చేసినట్టు రాసింది. నర్సు తప్పు. వార్నింగ్ ఇస్తా. కానీ బ్యాగ్ వాడలేదని ఎట్లా ప్రూవ్ అయింది? 'తొట్టికి మరక లేదు, అందుకే పేషెంట్ కడుపు కోయండి' అని రాస్తారా రిపోర్ట్‌లో?"

మాట సూటిగానే తగిలింది. నాగేందర్ డబ్బాకు ఫోటో తీసుకున్నాడు.

కాషిఫ్ ఫోను మోగింది. పక్కకు తిరిగి, ఉర్దూలో, మెత్తటి గొంతుతో మాట్లాడాడు. గ్యాస్ మాత్ర వేసుకుని పడుకోమన్నాడు. రాత్రి బిర్యానీ ఎందుకు తిన్నావన్నాడు. పెట్టేసి ఇటు తిరిగాడు.

"నా మిసెస్, నాజ్నీన్. ఆమెకూ ఇదే గడ్డ. ఎనిమిది నెలల కింద ఇదే థియేటర్, ఇదే డాక్టర్. మూడో రోజు ఇంట్లో వంట చేసింది. బ్యాగ్ లేకుండా చేసే డాక్టరైతే నా ఇంటి ఆడమనిషిని ఇక్కడికి తెస్తానా? ఆలోచించండి."

అతను అబద్ధం చెప్పడం లేదు. నాగేందర్‌కు అది కనపడింది. ఫైలును కాషిఫ్ నిజంగానే నమ్ముతున్నాడు.

మధ్యాహ్నపు జుహర్ అజాన్ వినపడింది. కాషిఫ్ నమాజుకు వెళుతూ మూడు గంటలకల్లా సంతకం పెట్టి ఫైలు ఇచ్చేయమన్నాడు.

*

నాగేందర్ ఖాళీ థియేటర్లో టేబుల్ పక్కన నిలబడ్డాడు.

సంచి దొరకాలి. పన్నెండు రోజుల కింద వాడిన సంచి అయితే రక్తపు చెత్తతో పాటు ఆ సాయంత్రమే కాలిపోయి ఉంటుంది. వాడని సంచి ఏమవుతుంది?

స్టిక్కర్ కావాలంటే కవరు చించాలి. చించాక సంచి మళ్ళీ స్టోరుకు పోదు. ఇంకో రోగికి పనికిరాదు. చెత్తలో పడాలి. కానీ మరక లేని వస్తువు, కొత్తది, మంచిది, చెత్తలో పడి చెత్తలోనే ఉండదు. ఆ సంగతి ఏ మేనేజరుకూ తెలియదు. నాగేందర్‌కు తెలుసు. సామాన్లు చుట్టి వచ్చే నీలం గుడ్డ పనివాళ్ళుండే క్యాంపులో పక్కబట్ట అవుతుంది. సెలైన్ సీసా నీళ్ళ సీసా అవుతుంది. పదేళ్ళు తనూ ఆ నీలం గుడ్డ మీదే పడుకున్నాడు.

నమాజు వేళ ఆసుపత్రి సద్దుమణిగింది. వెనక మెట్ల కింద, నేల తుడిచేవాళ్ళు ముగ్గురు అన్నం తింటున్నారు. అతను వాళ్ళ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఎవరూ లేవలేదు, ఎవరూ మాట్లాడలేదు. వాళ్ళలో పెద్దవాడికి యాభై దాటి ఉంటాయి. అతను పలుచటి సంచి మూతి విప్పి, ఎల్లిపాయ కారం వేళ్ళతో తీసి అన్నం అంచున పెట్టుకున్నాడు.

సంచి నీళ్ళలా తెల్లగా మెరుస్తోంది. మూతికి ఊదా రంగు దారం. లాగితే ముడుచుకుంటోంది.

అలాంటి దారం ఆపరేషన్ సంచులకే ఉంటుంది, ఏ దుకాణంలోనూ అమ్మరు.

"ఏ ఊరే పెద్దమనిషీ?"

"కోరుట్ల దిక్కు పటేలా. అయిలాపురం కాడ."

"నాది మెట్‌పల్లి దిక్కు."

పెద్దాయన మొహం విచ్చుకుంది. పేరు హన్మాండ్లు అన్నాడు. కొంచెం కారం తీసి నాగేందర్ అరచేతిలో పెట్టాడు. నాగేందర్ నాలుక మీద వేసుకున్నాడు. ఘాటుకు కళ్ళు చెమర్చాయి.

"సంచి బాగున్నదే."

"మస్తు సంచి. నీళ్ళు గూడ కారయి, నేను పోసి సూసిన." హన్మాండ్లు కొద్దిగా సిగ్గుపడ్డాడు. "కవరు ఇప్పుతరు, డాక్టరు ముట్టడు, పక్కకు పెట్టుమంటడు. నర్సమ్మ చెత్తల ఏస్తది. గంత కొత్తది పారేసుటానికి పానం ఒప్పలే."

ఈ ఆసుపత్రిలో సంచిలో నీళ్ళు పోసి చూసింది హన్మాండ్లు ఒక్కడే. నాగేందర్ సంచి చేతిలోకి తీసుకున్నాడు. దారం చివర గోరంత ప్లాస్టిక్ తోక ఉంది. కారం తుడిచి చదివాడు. 3958.

మాబున్నీ ఫైల్లో ఉన్నది 4417.

"ఇసొంటియి ఇంకున్నయా?"

*

మూడింటికి డ్యూటీ దిగాక హన్మాండ్లు అతన్ని తన గదికి తీసుకెళ్ళాడు. క్యాంపు ఆసుపత్రి వెనకే. రెండో అంతస్తు, ఎనిమిది మంచాల గది. మూలన గ్యాసు పొయ్యి, దాని పైన చెక్క అర. అర మీద ఆరు సంచులు వరసగా ఉన్నాయి. చింతపండు, నువ్వులు, పసుపు, ఎండు మిరపకాయలు, మక్కపిండి, కందిపప్పు. ఆరింటికీ ఊదా దారాలే.

హన్మాండ్లు గది మొత్తానికి పంచాడట. ఎవరు సెలవు మీద పోయి వచ్చినా ఇంటి నుంచి తెచ్చింది వాటిలో పోసుకుంటారు. పురుగు పట్టదు, చెమ్మ తగలదు.

నాగేందర్ వాటిని ఒక్కొక్కటిగా కిందికి దించాడు. ఏ సంచికీ గొట్టం గుచ్చిన రంధ్రం లేదు. ఏ సంచి మూతీ కత్తిరించి లేదు. వాడిన సంచి అలా ఉండదు. చింతపండు సంచి తోక తిప్పాడు.

4417.

బయట మెట్ల మీద బూట్ల చప్పుడు. కాషిఫ్ గుమ్మంలో నిలబడ్డాడు. సెక్యూరిటీ వాడు చెప్పి ఉంటాడు. అతను అరను చూశాడు, నేల మీద వరసను చూశాడు, హన్మాండ్లును చూశాడు.

"అచ్ఛా. స్టోర్ నుంచి చోరీ. ఇదన్నమాట కథ. పోలీసుకు ఫోన్ చేస్తా. ఈ ముసలోడికి సాయంత్రంకల్లా పాస్‌పోర్టు మీద ఖురూజ్ కొట్టిస్తా, ఇక మళ్ళీ ఈ దేశం మొహం చూడడు."

హన్మాండ్లు గోడకు ఆనుకున్నాడు. "పారేసినయే సార్," అన్నాడు. 

"మీ కంపెనీకీ రాస్తా నాగేందర్ భాయ్. ఊరోడిని పట్టుకుని సాక్ష్యం తయారుచేశారని."

నాగేందర్ చింతపండు సంచి అతని ముందు పెట్టాడు.

"స్టోరుల దొంగతనమైతే స్టిక్కరు కవరు మీదనే ఉండాలె. మాబున్నీ ఫైలు మీదికెట్ల ఎక్కింది? నంబరు సూడుండ్రి."

కాషిఫ్ ట్యాబు తెరిచాడు. ఏ సంచి ఎవరికి వాడారో ఆసుపత్రి రిజిస్టరు మొత్తం అందులో ఉంది. వేలితో జరిపాడు. ఆగాడు. సంచి తోకను రెండుసార్లు చదివాడు. అతని మొహం మారలేదు కానీ చెయ్యి దించడం మరిచిపోయాడు.

మూడు ఇరవై అయింది. నాగేందర్ పెద్దాసుపత్రికి ఫోను చేశాడు. డాక్టరు ఇంగ్లిషులో అడిగాడు. నాగేందర్ తనకొచ్చిన ఇంగ్లిషులో, తొందర లేకుండా చెప్పాడు. మాబున్నీకి సంచి వాడలేదు. ఆమె పేరు మీదున్న సంచి తన చేతిలో ఉంది. శుభ్రంగా ఉంది. ఫోటో పంపుతున్నాను. డాక్టరు నంబరు మళ్ళీ చెప్పించుకుని రాసుకున్నాడు. తర్వాత ఆ గొంతు, పేషెంటును ఇంటికి పంపడం లేదని, రేపు పొద్దున్నే మొదటి కేసుగా తీసుకుంటామని చెప్పింది.

ఇప్పుడు చాంద్ బాషా ఆమెకు చెప్పక తప్పదు.

"ఒక్క కేసు," అన్నాడు కాషిఫ్. గొంతు తగ్గింది. "డాక్టర్ ఒక్క కేసులో తొందరపడ్డాడు. దానికి..."

"ఇంకారున్నయి. సదువుత. మీరు సూడుండ్రి."

నాగేందర్ నేల మీద కూర్చుని మిగతా సంచులు చదవడం మొదలుపెట్టాడు. నువ్వులు, 4290. కాషిఫ్ వెతికి తల ఊపాడు. ఫైల్లో సంచి వాడినట్టే ఉంది, పరీక్షలో కారలేదని కూడా ఉంది. కందిపప్పు, 4203. ఉంది. మిరపకాయలు, 4166. ఉంది. పేర్లు కాషిఫ్ పైకి చదవడం లేదు. ఒక్కో నంబరుకు ఒక్కో ఆడమనిషి. అందరికీ క్యాన్సర్ ఉండాలని లేదు. చాలామందికి ఉండదు. కానీ మామూలు గడ్డ పలుకైనా కడుపులో ఎక్కడో పడి, అక్కడ అంటుకుని, మెల్లగా పెరగొచ్చు. వాళ్ళెవరికీ తెలియదు. కోత మానింది కదా అని వంట చేసుకుంటూ ఉంటారు.

మక్కపిండి, 4051. ఉంది. మధ్యాహ్నపు కారం సంచి, 3958. ఉంది.

చివరిది పసుపు. బాగా పాతది. తోకంతా పసుపే. నాగేందర్ చొక్కా అంచుతో రుద్దాడు.

"మూడు, ఎనిమిది, ఆరు, రెండు."

కాషిఫ్ వేలు ట్యాబు మీద కిందికి పోయింది. పోయి ఆగింది.

పొయ్యి మీద ఎవరో పెట్టి మరిచిన నీళ్ళు మరుగుతున్నాయి. హన్మాండ్లు వంగి పొయ్యి ఆర్పాడు.

"మళ్ళీ చెప్పండి," అన్నాడు కాషిఫ్.

"మూడు, ఎనిమిది, ఆరు, రెండు."

కాషిఫ్ ఆ సంచి అందుకున్నాడు. తోకను లైటుకు ఎత్తి పట్టి తనే చదివాడు. పసుపు అతని చొక్కా చేతి మీద రాలింది. దులుపుకోలేదు. మెల్లగా హన్మాండ్లు మంచం మీద కూర్చుని, ఈ సంచి ఎప్పుడు దొరికిందని అడిగాడు. ఎనిమిది నెలలైతుందని హన్మాండ్లు చెప్పాడు. తనకు దొరికిన మొదటి సంచి అదేనన్నాడు.

పోలీసు మాట మళ్ళీ రాలేదు. కాషిఫ్ ఫోను తీశాడు. నాజ్నీన్ పేరు దగ్గర వేలు పెట్టి, నొక్కకుండా ఉంచాడు.

"పదిహేను రోజుల నుంచి కడుపు ఉబ్బరం అంటోంది భాయ్," అన్నాడు. "నేను గ్యాస్ అన్నా."